ఒక్క అక్షరం తప్పితే

పిల్లలూ! కోడికాలి ఎముక ఒకటి శుభ్రంగా కడిగి, వారం రోజులు వెనిగరులో నానబెట్టి చూడండి. అది రబ్బరులాగా వంగుతుంది. దానిలోని ఖనిజం పులుపుకు కరిగిపోయి, మెత్తని మాంసకృత్తే మిగిలిందన్నమాట. కాల్షియం ఫాస్ఫేటు పలుకులు పేరుకొంటేనే ఎముకకు గట్టిదనం.

కొందరు శిశువులకు పుట్టుకతోనే ఎముకలు మెత్తగా వుంటాయి. కెనడాలో రాత్‌బన్ అనే వైద్యుడు అటువంటి శిశువును గురించి 1948లో ప్రకటించాడు. చూడడానికి అది రికెట్సు జబ్బులాగానే వున్నది. కాని రికెట్సులో ఆల్కలైన్ ఫాస్ఫటేజు అనే ఎంజైము రక్తంలో పెరుగుతుంది. ఈ శిశువులో అది బాగా తగ్గి వున్నది. ఆయన ఆ జబ్బుకు హైపోఫాస్ఫటేసియా అని పేరు పెట్టాడు. శిశువు మాత్రం బతకలేదు.

ఈ ఎంజైము పని యేమిటి? పాకం పట్టేటప్పుడు మీ అమ్మ రెండు చుక్కలు నిమ్మరసం పిండటం చూశారా? దానివల్ల పంచదార తిరిగి పలుకు కట్టదు. మన ఒంట్లో పైరోఫాస్ఫేటు ఆ నిమ్మరసం వంటిది. ఖనిజం కనపడ్డ చోటల్లా పలుకు కట్టకుండా అడ్డుపడుతుంది. ఎముకలో మాత్రం పలుకు కట్టితీరాలి గదా! అందుకని అక్కడ ఈ ఎంజైము పైరోఫాస్ఫేటును విరగగొడుతుంది. ఎంజైము చాలకపోతే అడ్డు తొలగదు. కాల్షియం ఎంత వున్నా ఎముకకు పట్టదు.

ఎంజైమును తయారుచేసే విధానం ఒక జన్యువులో వ్రాసి వుంటుంది. “అన్నం పెట్టు” అని వ్రాయవలసిన చోట ఒక్క అక్షరం మారి “సున్నం పెట్టు” అని పడితే యేమవుతుంది? జన్యువులోనూ అంతే. ఈ జన్యువులో ఇటువంటి మార్పులు 400కు పైగా కనుగొన్నారు. కొన్ని ప్రాణాంతకం, కొన్నిటివల్ల పళ్లకు మాత్రమే చేటు.

కెనడాలోని మానిటోబాలో మెనొనైట్లు అనే క్రైస్తవులున్నారు. వారి పెద్దలు 1870లలో రష్యా నుంచి వచ్చి, తమలో తామే పెళ్లిళ్లు చేసుకొన్నారు. వారిలో సుమారు 2,500 జననాలకు ఒక శిశువుకు ఈ జబ్బు తీవ్రంగా వస్తుంది. ప్రతి జన్యువూ మనకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. ఒకటి మంచిదైతే చాలు, పని సాగిపోతుంది. అక్కడ 25 మందిలో ఒకరు తప్పు ప్రతిని మోస్తూ కూడా ఆరోగ్యంగా తిరుగుతున్నారు. అటువంటి ఇద్దరికి పుట్టే బిడ్డకు రెండూ తప్పువే వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. 25ను 25తో, దానిని 4తో గుణించండి; 2,500 వస్తుంది. మన మేనరికాల్లోనూ ఇద్దరి దగ్గరా ఒకే తప్పు వుండే అవకాశం ఎక్కువ.

ఇప్పుడొక ప్రశ్న. అటువంటి దంపతులకు మొదటి ముగ్గురు పిల్లలూ ఆరోగ్యంగా వుంటే నాలుగో బిడ్డకు జబ్బు తప్పదా? కాదు. పందెంలో గవ్వలు వేసిన ప్రతిసారీ లెక్క కొత్తదే.

తల్లిదండ్రులకు ఒక మాట. పాలపళ్లు సాధారణంగా ఆరేళ్ల ప్రాంతంలో, వేరు కరిగిన తరువాత ఊడుతాయి. అయిదేళ్లలోపే, దెబ్బ తగలకుండా, వేరుతో సహా పన్ను ఊడితే దానిని కప్పుమీదికి విసరకండి; పొట్లం కట్టి దంతవైద్యునికి చూపండి. ఎముకల బలానికని కాల్షియం, డి విటమిన్ మందులు సొంతంగా పట్టించవద్దు. ఈ జబ్బున్న శిశువుల రక్తంలో కాల్షియం ముందే ఎక్కువై వుండవచ్చు.

2015లో ఆస్ఫోటేజ్ ఆల్ఫా అనే మందుకు అమెరికా, జపాను మొదలైన దేశాలు అనుమతి ఇచ్చాయి. లోపించిన ఎంజైమును అది సూదిమందుగా అందిస్తుంది. జన్యువులో తప్పు అలాగే వుంటుంది. ఎముక మాత్రం గట్టిపడుతుంది. పూర్వం బతకని శిశువులు అనేకులు దానితో బతికి నడుస్తున్నారు.

మీ బడిలో కాళ్లు వంకరగా వున్న పిల్లవాడు వుంటే వెక్కిరించకండి. ఒక్క అక్షరం తప్పు పడటం ఎవరి పాపమూ కాదు.