కాపలాదారును నిద్రపుచ్చితే...

ఇల్లు కట్టించుకున్నవాళ్లకి ఇది తెలిసిందే. వంటగది గోడ ఒక్క అడుగు జరపమంటే చాలు, ప్లానులో చదరపుటడుగుల లెక్క మారిపోతుంది. ఆటోక్యాడ్‌లో గీసేవాళ్లు ప్రతిసారీ ఆ అంకె దిద్దుకోనక్కర్లేకుండా ఓ ఏర్పాటుంది... రియాక్టర్. గది గీతకి పెట్టిన కాపలాదారు అనుకోండి. గీత కదిలితే చాలు, ముందే రాసిపెట్టిన ప్రోగ్రామును పిలుస్తుంది. అది కొత్త వైశాల్యం కట్టి అంకె మార్చేస్తుంది. 1999లో వచ్చిన ఆటోక్యాడ్ 2000లో విజువల్ లిస్ప్ భాగమైనప్పటి నుంచీ ఈ సదుపాయం ఉంది.

బాగానే ఉంది కానీ, అపార్టుమెంటు ప్లానులో రెండొందల గదుల్ని ఒకేసారి సవరించాల్సి వస్తే? ప్రతి గదికీ ఓ పిలుపు, ప్రతి పిలుపుకీ ఓ లెక్క. కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది. ఇంకో తంటా ఉంది. పిలుపందుకున్న ప్రోగ్రామే ఆ గీతను ముట్టుకుంటే మళ్లీ పిలుపు, మళ్లీ ముట్టుకోవడం... గానుగెద్దు తిరిగినట్టే!

అందుకే కాసేపు కాపలాదారును నిద్రపుచ్చుతారు. ‘విఎల్ఆర్-రిమూవ్’ అంటే నిద్రపోతుంది. పేరు చూసి కంగారుపడొద్దు, రియాక్టర్ చెరిగిపోదు. పనయ్యాక ‘విఎల్ఆర్-యాడ్’ అంటే లేస్తుంది. తొందరపడి ‘విఎల్ఆర్-రిమూవ్-ఆల్’ వాడితే మాత్రం పక్క ప్రోగ్రాముల కాపలాదారులూ పడుకుంటారు. ఎవరిది వాళ్లే ఆపుకోవడం మర్యాద.

అసలు ప్రమాదం మధ్యలో ఉంది. పని సాగుతుండగా ఎవరో ఎస్కేప్ నొక్కారు. ప్రోగ్రాము ఆగింది, లేపే వరస దాకా రానేలేదు. ఆ తర్వాత వంటగది పెంచినా అంకె పాతదే. తెర మీద ఏ హెచ్చరికా రాదు. ఆ అంకె చూసి టైల్స్ తెప్పిస్తే సగం పనిలో సరుకు తక్కువవుతుంది. నష్టం ఇంటివాళ్లది!

మీ ఇంట్లో క్యాడ్ నేర్చుకునే పిల్లలుంటే ఈ మాట చెవిన వేయండి. పని మధ్యలో ఆగినా నడిచే ‘ఎర్రర్’ ఫంక్షన్‌లోనూ లేపే వరస రాసుకోవాలి. లేచిన కాపలాదారు తను నిద్రలో ఉన్నప్పుడు జరిగింది చెప్పలేదు కాబట్టి, లేపిన వెంటనే గదులన్నిటి వైశాల్యం ఒక్కసారి కొత్తగా కట్టించాలి.