"మాను" అంటే నవ్వులాటా?

మా మేనకోడలిది పాకాల. కోస్తా వైపు కోడలుగా వెళ్ళి ఆరు నెలలయింది. మొన్న పండక్కి వస్తే చూశాను, గలగలా మాట్లాడే పిల్ల కాస్తా మూగనోము పట్టినట్టు కూచుంది. ఏమే అంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "చింతమాను కింద నీడగా ఉంది అత్తయ్యా" అందట. "చెట్టు అనడం రాదూ? మీది సగం అరవం!" అని ఇంటిల్లిపాదీ నవ్వారట. ఆ రోజునుంచి అక్కడ నోరు విప్పడం మానేసిందట.

నాకు ఒళ్ళు మండింది. అసలు అరవం తిట్టెప్పుడయిందమ్మా? పైగా "మాను" అరువు మాటే కాదు. పాత తెలుగులో అది "మ్రాను". తమిళంలో "మరం", కన్నడంలో "మర". మూడింటి వెనకా "మరన్" అనే మూలరూపం ఉండేదని భాషావేత్తలు తేల్చారు. రాతలో ఎక్కడా దొరకదు గనక దానికి ముందు ఒక చుక్క గుర్తు పెడతారు. ఊహే కదా అని తీసిపారేయకండి, దానికో లెక్కుంది.

మన వంటింట్లోనే చూడండి. తమిళుల "ఉరల్" మనకి రోలు. వాళ్ళ "ఇరండు" మనకి రెండు. వాళ్ళ "మరం" మనకి మ్రాను. మూడుచోట్లా "ర" ముందుకు జరిగింది, అటూ ఇటూ ఉన్న అచ్చులు ఒకటయ్యాయి. ఇంత పద్ధతిగా మారితే అవి అప్పు తెచ్చిన మాటలు కావు, ఒక తల్లి బిడ్డలు.

ఆ తల్లి తమిళమేనా? అదీ కాదు. చెవిని కన్నడిగులు "కివి" అంటారు. పాత "క" అక్కడే నిలిచింది; తమిళులూ మనమూ "చ" చేసుకున్నాం. తల్లి దగ్గర లేని నగ కూతురికెలా వస్తుంది? పోనీ సంస్కృతమా అంటే, కాదని 1816లోనే మద్రాసులో ఎల్లిస్ దొర రాసిపెట్టాడు. 1961లో భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగు ధాతువుల మీద పుస్తకమే వేశారు.

ఇటలీలోనూ ఇదే కథ. "ఎవరు" అనడానికి లాటిన్‌లో "క్విస్", పొరుగున ఆస్కన్‌లో "పిస్". ఆస్కన్‌ని చెడిపోయిన లాటిన్ అని ఏ పండితుడూ అనడు. మా పాకాల జంక్షన్లో ఒక దారి కాట్పాడికీ, ఒకటి ధర్మవరానికీ చీలుతుంది. అందులో ఏది అసలు, ఏది నకలు?

ఇంతకీ తమాషా వినండి. ఆ అత్తగారే మా పిల్లని "మొక్కై వంగనిది మానై వంగునా" అని దెప్పిందట! సామెతలో ఉంటే అచ్చ తెలుగూ, మా పిల్ల నోట అరవమూనా?

ఈసారి ఆవిడ ఆ సామెత ఎత్తితే, "ఏ మాను అత్తయ్యా అది?" అని నెమ్మదిగా అడగమని చెప్పి పంపాను.