పాదచారికి తావున్న పట్టణము

స్థూలకాయమును గూర్చి మన పత్రికలలోను వైద్యశాలలలోను జరుగుచున్న చర్చ యంతయు తిండి చుట్టును, వ్యక్తి నిగ్రహము చుట్టును తిరుగుచున్నదే గాని, ఆ వ్యక్తి గడప దాటి కాలు మోపవలసిన వీధి యెట్లున్నదని విచారించువారు మిక్కిలి యరుదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి 36.3 మంది, పురుషులలో 31.1 మంది అధిక బరువు కలవారు. దేశపు సగటు స్త్రీలలో 24, పురుషులలో 22.9 మాత్రమే. ఇంతటి అంతరమును కేవలము మన జిహ్వచాపల్యమునకు అంటగట్టుట న్యాయము కాదు.

ఆహారము, వంశగుణము, ఆదాయము, ఇవన్నియు శరీరభారమునకు హేతువులే. అయినను వ్యాయామమను సంకల్పమే లేకుండ మనుష్యుడు దినచర్యలో భాగముగా ఎంత దూరము నడచునో నిర్ణయించునది చాలవరకు పట్టణ నిర్మాణమే. 1953లో జెర్రీ మారిస్ అను బ్రిటిషు వైద్యుడు, లండను రెండంతస్తుల బస్సులను దినమంతయు కూర్చుండి నడపు డ్రైవర్లకంటె, మెట్లెక్కుచు దిగుచు టిక్కెట్లిచ్చు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చుచున్నదని ప్రకటించెను. అర్ధశతాబ్ది తరువాత, 2004లో, అట్లాంటా ప్రాంతమున లారెన్స్ ఫ్రాంక్ బృందము జరిపిన పరిశీలనలో, దినమున కారులో గడపు ప్రతి అదనపు గంటకు స్థూలకాయ సంభావ్యత 6 శాతము హెచ్చుగాను, నడచు ప్రతి అదనపు కిలోమీటరుకు 4.8 శాతము తక్కువగాను కానవచ్చినది.

ఈ దృష్టితో చూచినపుడు అనకాపల్లి పూర్వులు మనకొక గొప్ప ఆస్తి నిచ్చిపోయిరి. శారదా నది యొడ్డున, మోటారు బండి పుట్టుటకు ముందే పురపాలక సంఘమును పొందిన ఆ పట్టణములో రైలు స్టేషను, నెహ్రూ చౌకు, పెరుగు బజారు, గవరపాలెములోని నూకాంబిక గుడి, ఒకదానినుండి యొకదానికి నడచిపోదగినంత దగ్గరగా అమరియున్నవి. క్రింద అంగడి, పైన కాపురము. వీధికి అరుగు, అరుగుపై పెద్దలు. బెల్లపు దిమ్మలకు దేశమంతట పేరుపొందిన ఊరు గనుక, తీపియే ఈ ఊరి వ్యాధులకు మూలమని తేలికగా అనువారు కలరు. తీపి నిర్దోషియని నేననను. కాని చెరకు నరికి, గానుగాడించి, పెనము కాచి, మార్కెట్టులో దిమ్మలు మోసిన రైతుకును కళాసీకిని ఆ తీపి శ్రమగా ఖర్చయ్యెడిది. నేడు ఖర్చు తగ్గినది, జమ తగ్గలేదు.

2013లో ఈ పురపాలక సంఘము మహా విశాఖ నగరపాలక సంస్థలో విలీనమైనది. 2022 ఏప్రిలులో పట్టణము జిల్లా కేంద్రమైనది. ఒకవంక పరవాడ ఔషధ పరిశ్రమలు, అచ్యుతాపురము ప్రత్యేక ఆర్థిక మండలి, మరియొకవంక ఆనందపురము దిశగా సాగిన ఆరు వరుసల రహదారి పట్టణమును బాహ్యదిశగా లాగుచున్నవి. జీవనోపాధి వచ్చుట సంతోషమే. కాని రహదారి వెంట వెలయు లేఅవుట్లలో ఇల్లొక చోట, బడి యింకొక చోట, పాల ప్యాకెట్టునకు సైతము మోటారు సైకిలు తీయవలసినంత దూరమున అంగడి ఉండునట్లు గీతలు గీయబడినచో, అందు పెరుగు బాలునకు నడక యనునది జీవనములో భాగము కానేరదు.

స్త్రీల సంగతి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. పై లెక్కలలో అధికభారము వారిదే. ఉదయమున ఎన్టీఆర్ స్టేడియము వంటి మైదానమునకు పోయి గంటసేపు నడువగల తీరిక, వంటయు పిల్లల బడియు ముగించుకొనవలసిన గృహిణులలో ఎందరికున్నది? వారికి దక్కు నడకయెల్ల కూరల బజారునకును, గుడికిని, బడికిని పోవు నడకయే. ఆ దారిలో కాలువపై పలకలు విరిగి, కాలిబాటపై మోటారు సైకిళ్లు నిలిచి, సంధ్య దాటిన పిమ్మట దీపము వెలుగక, వెనుకనుండి వచ్చు లారీకి తప్పుకొనుటకు తావు లేకపోయినపుడు ఆమె ఆటో నెక్కుటలో ఆశ్చర్యమేమి? అట్టి స్త్రీకి వైద్యుడు నడువుమని వ్రాసియిచ్చు చీటీ నెరవేర్చదగినదిగా చేయవలసిన బాధ్యత నగరపాలక సంస్థపై నున్నది. వీధిదీపమును నేను వైద్యసామగ్రిగనే ఎంచుచున్నాను.

ఇందులకు క్రొత్త శాస్త్రము అక్కరలేదు. కాలిబాటపై నడకకు కనీసము 1.8 మీటర్ల అడ్డులేని వెడల్పుండవలెననియు, గట్టు 150 మిల్లీమీటర్లకు మించరాదనియు ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు చెప్పియే యున్నది. అడ్డులేని కాలిబాట రాజ్యాంగపు 21వ అధికరణమందలి జీవనహక్కులో భాగమని 2025 మే మాసమున సుప్రీంకోర్టు నిర్ణయించినది. లేఅవుట్లలో పదవవంతు స్థలమును బహిరంగ ప్రదేశముగా విడువవలెనని రాష్ట్ర నిబంధనలు కలవు. కాలిబాటను ఖాళీచేయించు నెపమున తోపుడు బండ్లవారిని తరిమివేయుట మాత్రము తగదు. 2014 నాటి వీధివ్యాపారుల చట్టము వారికి రక్షణ నిచ్చుచున్నది, పైగా పండ్లు, కూరలు నడచిపోదగిన దూరమున దొరకునట్లు చేయుచున్నది వారే.

కాలిబాట చెడినచో మరల వేసికొనవచ్చును; ఊరికి దూరముగా ఒకసారి కట్టిన కార్యాలయమును రెండు తరములవరకు కదలింపజాలము. కావున జిల్లా కేంద్రమునకు కట్టనున్న ప్రతి ప్రభుత్వ కార్యాలయమును, ఆసుపత్రిని, కళాశాలను బస్సు స్టాండునకో రైలు స్టేషనుకో నడచిపోదగిన దూరమునందే కట్టుదుమని పాలకులు ముందుగా నిశ్చయించుకొని, ఆ నిశ్చయమును పట్టణ ప్రణాళికలో వ్రాసి, ఆ పిమ్మటనే స్థలము వెదకుదురు గాక.