పెళ్లి వాళ్లింట, పెత్తనం వేరేవాళ్లది

2007 వన్డే ప్రపంచకప్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో బంగ్లాదేశ్ చేతిలో ఓటమి, తొలి రౌండ్‌లోనే ఇంటిముఖం. మిగతా క్రికెట్ లోకానికి గుర్తున్నవి ఖాళీ స్టాండ్లు. చిన్న దీవులు, చాలీచాలని వనరులు, ఇంత పెద్ద పండగ వాళ్ల తలకు మించిన భారమంటూ నెపం వెస్టిండీస్ మీదికి నెట్టేయడం అప్పటి నుంచీ అలవాటైపోయింది. నిజానికి అక్కడ కొరవడింది సత్తా కాదు. సొంత మైదానంలో తమ తీరున ఆట చూసే హక్కే ఆ జనానికి దక్కలేదు.

ఆంటిగ్వా సంగతే చూడండి. లారా 375, 400 పరుగుల ఇన్నింగ్స్ రెండూ ఆడిన రిక్రియేషన్ గ్రౌండ్ సెయింట్ జాన్స్ నడిబొడ్డున ఉంటుంది. ఓవర్ల మధ్య డీజే చిక్కీ స్పీకర్లు హోరెత్తేవి, ఆడవేషం కట్టి గ్రేవీ అనే అభిమాని చిందులేస్తుంటే జనం ఆటనూ అతణ్నీ కలిపే చూసేవారు. ప్రపంచకప్ కోసం ఆ మైదానాన్ని పక్కనబెట్టి, ఊరికి దూరంగా నార్త్ సౌండ్‌లో చైనా సాయంతో వివియన్ రిచర్డ్స్ స్టేడియం కట్టారు. టికెట్ ధర సామాన్యుడికి అందలేదు. కొన్నవాడికీ ఆంక్షలే: శంఖాలకూ వాయిద్యాలకూ అడ్డంకులు, ఇంటి తిండి తేకూడదు. ఇక ఎవరొస్తారు? రెండేళ్లు తిరక్కుండానే, 2009 ఫిబ్రవరిలో, అదే కొత్త స్టేడియంలో ఇంగ్లండ్‌తో టెస్టు పది బంతులకే ఆగిపోయింది. బౌలర్లు పరుగెత్తే చోట అంతా ఇసుకే. మ్యాచ్‌ను మళ్లీ పాత మైదానానికే తరలించాల్సి వచ్చింది!

భారత్, పాకిస్తాన్ ముందే ఇంటికెళ్లడం వల్లే స్టాండ్లు బోసిపోయాయనే వాదన ఉంది. అందులో కొంత నిజముంది. బ్రిడ్జ్‌టౌన్‌లో దాయాదుల పోరు అనుకున్న ఏప్రిల్ 15న చివరికి ఆడింది ఐర్లండ్, బంగ్లాదేశ్. సూపర్ ఎయిట్‌లో వెస్టిండీస్ వరసగా నాలుగు ఓడటమూ ఉత్సాహాన్ని చంపింది. కానీ విమానమెక్కి వచ్చే అభిమాని రాకపోతే బోసిపోయే స్టాండ్లంటే, పక్క వీధివాణ్ని లెక్కలోకే తీసుకోలేదనే కదా అర్థం? ఫైనల్ చీకట్లో అభాసుపాలైందంటారా, అది నిబంధన మరిచిన అంపైర్లు, రిఫరీ నిర్వాకం. 2010లో టీ20 ప్రపంచకప్ అవే దీవులకు వచ్చినప్పుడు ధరలు తగ్గించి, వాయిద్యాలను రానిచ్చారు. మళ్లీ సందడి కనిపించింది.

టీవీ డబ్బే ఆటను పోషిస్తోందన్నది బలమైన అభ్యంతరం. చిన్న బోర్డులు ఐసీసీ పంపకాల మీదే బతుకుతున్న మాటా నిజమే. అయితే ఆ డబ్బు ఎంతదాకా శాసిస్తుందో 2024 టీ20 ప్రపంచకప్‌లో చూశాం. భారత్ సెమీస్ చేరితే గయానాలోనే ఆడుతుందని ముందే రాసేశారు. మ్యాచ్‌కు పెట్టిన సమయం అక్కడి గురువారం ఉదయం పదిన్నర, అంటే హైదరాబాద్‌లో, విజయవాడలో రాత్రి ఎనిమిది. మనకు భోజనాల వేళ, వాళ్లకు పనికెళ్లే పొద్దు. ప్రసారకర్తకు సమయం రాసిచ్చే ఒప్పందంలోనే స్థానికుల ధరకు కొన్ని వేల సీట్లు, వాళ్ల డప్పులకు చోటు రాసివ్వడం ఐసీసీకి కష్టమేమీ కాదు. దానికయ్యే ఖర్చు హక్కుల సొమ్ములో ఓ మూలకు రాదు.