మా అక్క కట్టిన మెరిట్ (7వ భాగం)



"స్వయంకృషితో పైకొచ్చిన" అని చెప్పుకునేటోళ్లను చూస్తే నాకు ఒకటే అడగబుద్ధయితది. అన్నా, జీతం లేని ఆ ఆర్నెల్లు నీ కిరాయి ఎవరు కట్టిన్రు?

అమీర్‌పేటల కోర్సు చేసి, ఇంటర్వ్యూలకు తిరిగి, మొదటి కొలువు నచ్చక వదిలేసి ఇంకోటి పట్టుకున్న కథకు ఆయన ధైర్యమని పేరు పెడతడు. ఆ నెలలల్ల ఆయన ఇంట్ల పొయ్యి ఆగలేదు. నాన్న పెన్షనో, ఊర్ల రెండెకరాలో, కంపెనీల మామ చెప్పిన మాటనో ఉండె. పుట్టినప్పటి సంది ఉన్నయి కాబట్టి అవి ఆయన లెక్కకు రావు.

మాది ఛత్రినాక దగ్గర బస్తీ. నాయిన బేగంబజార్‌ల హమాలీ. అమ్మ ఇండ్లల్ల పని చేసేది. అక్క ఇంటర్ దాకా నాకంటే బాగ చదివింది. నాకు ఇంజినీరింగ్ సీటు వచ్చిన ఏడాదే ఆమె చదువు ఆగింది. ఆపమని ఎవరూ అనలేదు, అనే పని పడలేదు. ఇంట్ల ఒక్క బస్‌పాస్‌కే పైసలున్నయి. ఆమె లాడ్‌బజార్‌కు పోయే లక్క గాజులకు రాళ్లు అంటించే పనికి కూసుంది. ఆ పని చూడనోళ్లకు చెప్త. లక్కను వేడి చేసి మెత్తగ చెయ్యాలె, అది చల్లారకముందే ఒక్కొక్క రాయి ఒత్తాలె. వేళ్ల కొసలు కాలి కాలి మొద్దుబారుతయి. చార్మినార్ చూడవచ్చినోళ్లు ఆ గాజులను బేరమాడి కొనుక్కపోతరు. జతకింత అని ఇచ్చే ఆ కూలీతోనే నా రికార్డులు, పరీక్ష ఫీజులు గడిచినయి.

ఫీజు సర్కారే కడుతది గదా అంటరు. రీయింబర్స్‌మెంట్ అంటేనే తర్వాత ఇచ్చేది. ఆ పైసలు రాలేదని నేను చదివిన కాలేజీ నా సర్టిఫికెట్లు పట్టుకుని కూసుంది. సర్కారు బాకీకి నా మెమోలు జామీను! అమ్మ పుస్తెలు కుదువ పెట్టింది. చాలకపోతే గిరిగిరి తెచ్చింది. పొద్దుగూకితే చాలు, ఫైనాన్స్ పిలగాడు కార్డు పట్టుకుని వాకిట్ల నిలబడేటోడు. నా పట్టా రోజుకింత చొప్పున విడిపించినం.

దీన్ని త్యాగం అంటే నాకు కోపమొస్తది. అమ్మ కాళ్లు కడిగే వీడియోలు పెట్టి లైకులు తెచ్చుకునే మన ఉద్యోగస్తులను గూడ కలిపే అంటున్న. త్యాగం అనంగనే అది ఇంటి లోపలి ముచ్చటయితది, కట్టాల్సినోడు తప్పించుకుంటడు. సర్కారు కట్టని భాగం మా అక్క మీద పడ్డది, అంతే. మన ఇండ్లల్ల అది ఆడపిల్ల మీదనే ఎందుకు పడుతదన్న ప్రశ్న మాత్రం మనకే. దాన్ని మనువు మీదికి నెట్టి ఊకోలేం.

2016 జనవరి 17న రోహిత్ వేముల రాసిపోయిన ఉత్తరంల తత్వాన్ని అందరూ పంచుకున్నరు. నేను పైసల ముచ్చట ఉన్న వరుసల కాడ ఆగిపోత. ఏడు నెలల ఫెలోషిప్, 1 లక్షా 75 వేలు రావాల్సి ఉంది, అది మా ఇంటోళ్లకు చేరేటట్టు చూడుండ్రి అని. ఒక దోస్తుకు 40 వేల దాక ఇయ్యాలె అని. కుట్టుమిషన్ మీద పిల్లలను సాదిన తల్లి ఇల్లు అది. సెంట్రల్ యూనివర్సిటీల పీహెచ్‌డీ చేసే పిలగాని ఆఖరి ఉత్తరంల జమాఖర్చు ఎందుకుండాలె?

ఇగ సర్కారు తూకం చూడుండ్రి. కేంద్రం పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ రావాలంటే ఎస్సీ తల్లిదండ్రుల ఏడాది ఆదాయం 2.5 లక్షలు దాటొద్దు. 2021 మార్గదర్శకాలల్ల గూడ అంతే ఉంచిన్రు. 2019ల 103వ రాజ్యాంగ సవరణతోని తెచ్చిన ఈడబ్ల్యూఎస్‌కు హద్దు 8 లక్షలు. అంటే నెలకు 66 వేలొచ్చే అగ్రకులపు ఇల్లు బీదది, 21 వేలొచ్చే మాల, మాదిగ ఇల్లు ఉన్నోళ్లది. (అది రిజర్వేషన్, ఇది స్కాలర్‌షిప్, రెండూ వేరు అని చెప్పేటోళ్లు వస్తరు. తెలుసు. బీదరికాన్ని తూచే రాళ్లు రెండు ఎందుకని నేనడిగేది.)

భాగ్యరెడ్డి వర్మ 1910లనే ఇసామియా బజార్‌ల, లింగంపల్లిల మన పిల్లలకు బడులు పెట్టిండు. ఆయన గూడ చిన్నతనంల ఒక వకీలు ఇంట్ల పనికి కుదిరిన మనిషే. నేను కష్టపడ్డ, మీరూ పడుండ్రి అని ఉపన్యాసమిచ్చి పోలేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి బకాయిల ధర్నాకు వచ్చేటప్పుడు ఇంట్ల ఉన్న కాగితాలు పట్టుకుని రాండ్రి. ఫైనాన్స్ కార్డు, కుదువ చిట్టీ, అన్నీ. కాలేజీకి రావాల్సిన ట్యూషన్ ఫీజు ఒక్కటే బకాయి అని మాట్లాడొద్దు. సర్టిఫికెట్లు ఆగినందుకు పోయిన నెలల జీతం, ఆ అప్పుల మీద కట్టిన వడ్డీ గూడ అడుగుదాం. స్కాలర్‌షిప్ హద్దు 8 లక్షలు చెయ్యమందాం. సర్టిఫికెట్లు ఆపిన కాలేజీ మీద ఫిర్యాదు ఎట్ల రాయాలె, ఎవరికి ఇయ్యాలె అన్నది వచ్చే భాగంల.