సచివాలయోద్యోగుల నిరాశ

గ్రామ సచివాలయములు 2019వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన, గాంధీజయంతినాడు, తూర్పుగోదావరి జిల్లా కరపలో ప్రారంభింపబడినవి. లక్షకు పైబడిన ఆ కొలువులకు ఇరువది లక్షలకు మించి దరఖాస్తులు వచ్చినవి. పట్టభద్రులు, ఇంజనీరింగు చదివినవారు సైతము నెలకు 15,000 రూపాయలకు సమ్మతించి చేరిరి. సర్కారు కొలువు, రెండేండ్లలో ఖాయమగునను నమ్మకము వారిని ఆకర్షించినవి. ఆ యువజనులయందు నేడు కానవచ్చు నిరుత్సాహమును గూర్చి వ్రాయవలసి వచ్చినందుకు మేము చింతిల్లుచున్నాము.

రెండేండ్ల గడువు 2021 అక్టోబరుతో తీరినను, వారిని ఖాయపరచుట 2022వ సంవత్సరము నడుమవరకు జరుగలేదు. ఆ జనవరిలో వారు వీధికెక్కి నిరసన తెలిపిరి. జీతము మాట ఎట్లో తీరినది. తీరనిది పని మాట.

పశుసంవర్ధక సహాయకుని సంగతియే చూడుడు. అతడు తన శాఖలోని పశువైద్యునికి లోబడినవాడు. సచివాలయమున కూర్చుండుటచే మండలాధికారులకును జవాబు చెప్పవలసినవాడు. 2024 ఎన్నికలవరకు వాలంటీర్లు ఇంటింట పంచిన పింఛను పైకము ఆ యేడు జూలై మొదలు సచివాలయోద్యోగుల చేతిమీదుగా పోవుచున్నది. ముసలివారికి ఇంటికడనే పైకము ముట్టుట మంచిదే, మేము కాదనము. కాని అది ముగియకమునుపే ఒక సర్వే, అది పూర్తికాకమునుపే మరియొకటి వచ్చిపడును. కుటుంబముల వివరములు ఫోనులో ఎక్కించుచు అతడు ఆ వీధిలో నిలిచియుండగా, ఈ వీధిలో రైతు గేదె మేతముట్టక పడియుండును. రైతు తిట్టునది ఆ కుఱ్ఱవానినే. లెక్క ఆలస్యమైనదని మండలమునుండి మెమో వచ్చునది వాని పేరనే. పశువును చూడలేదని శాఖవారు సంజాయిషీ కోరునదియు వానినే. సర్వే సహాయకుని గతియు నింతే. హద్దురాయి తగవుతో సచివాలయము చుట్టు తిరిగిన మా పాఠకులలోని భూస్వాములకు ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు.

సర్కారు జీతము తినుచు సణుగుడెందుకని పట్టణములలో కొందఱనుచున్నారు. ఈ మాట న్యాయము కాదు. మేమెఱిగినంతవఱకు వీరి మొఱ పని యెక్కువైనదని కాదు, ఏది తమ పనియో తెలియకున్నదని. నేర్చిన విద్య తుప్పుపట్టుచుండ, ఎవరో చేయదగిన లెక్కలు వ్రాయుచు యౌవనము గడపువానికి ఉత్సాహ మెక్కడినుండి వచ్చును? పై పదవికి దారియేదో యేండ్లతరబడి తేటపడకుండుట పుండుపై కారము చల్లినట్లైనది. చేతనైనవారు వేఱు పరీక్షలు వ్రాసి వెడలిపోవుదురు. వారి కుర్చీ ఖాళీగనుండును.

2025లో ప్రభుత్వమువారు జనసంఖ్యనుబట్టి సచివాలయములను మూడు తరగతులుగ విభజించి సిబ్బందిని సర్దుటకు పూనుకొనిరి. తలలు లెక్కించుట మంచిదే. కాని యజమానులను లెక్కింపకున్న ఫలమేమి? సచివాలయములను పెట్టినవారు ఒకరు, నడుపుచున్నవారు మరియొకరు గనుక తప్పును ఒకరిపైనొకరు నెట్టుకొనుట కెంతయు వీలున్నది. ఉద్యోగికిగాని రైతుకుగాని ఆ వాదముతో పనిలేదు.

ఒక్కొక్క ఉద్యోగికి పై అధికారి యొక్కడే యని స్పష్టముగ వ్రాసియిచ్చుటకు ఖజానానుండి కాసైనను పోదు. శాఖపనికి వారములో ఏయే దినములు, సర్వేలకు ఏయే దినములు అని ఏర్పఱచి, ఆ పట్టికను సచివాలయపు గోడకే అంటించినచో గేదెగల రైతుకును ఎవరినెప్పుడు అడుగవలయునో తెలియును. మరియొక సర్వేకు ఉత్తరువు వెలువడకమునుపే ప్రభుత్వమువారు ఈ పని చేయవలెనని కోరుచున్నాము.