తుపాకి వుంది, లైసెన్సు వుంది, తూటా లేదు
లేతుపై అచ్చు తిప్పించే ఆలోచనలో చిక్కులెన్నో

సోమశిల: పెన్నకు అడ్డంగా జలాశయం నిలిచిన ఈ చోటు నుంచి ఉదయగిరి దుర్గం దాకా వెలిగొండల పాదాన వున్న పల్లెలకు అడవి పందుల బెడద కొత్తది కాదు. వేరుశనగ ఊడలు దిగే వేళకు రైతుకు కంటిమీద కునుకు వుండదు. రాత్రంతా డబ్బా వాయించి, టపాకాయలు పేల్చి, తెల్లవారుజామున ఓ గంట నడుము వాల్చితే చాలు, చేను దున్నినట్లు తవ్వి పోసి వుంటుంది. ఇటువంటి రాత్రుల తరువాతనే పాత ఇళ్లలో బీరువాలో తాళం వేసి పెట్టిన తాతలనాటి తుపాకి మాట వస్తుంది. తుపాకి బాగానే వున్నది. లైసెన్సు ఎప్పటికప్పుడు రెన్యువల్ అవుతూనే వున్నది. దానికి సరిపడే తూటా మాత్రం దేశంలో ఏ దుకాణంలోనూ దొరకదు.

దొరకని తూటాను ఇంటిలోనే చేసుకుంటే పోలేదా అన్న ప్రశ్న ఇక్కడ పుడుతున్నది. లేతు మిషను మీద ఉక్కు అచ్చు తిప్పించి, వేరే రకం తుపాకిలో కాల్చి పారవేసిన ఇత్తడి గుల్లను అందులోకి నొక్కి, పాత తుపాకికి పట్టేలా మలచుకునే పద్ధతి అమెరికా, ఆస్ట్రేలియా, బ్రిటన్ దేశాలలో చాలా కాలంగా వున్నది. అక్కడివారు తీసిన వీడియోలు నేడు సెల్‌ఫోనులో ఎవరైనా చూడవచ్చు. చూసిన వారికి ఇది చిటికెలో పని అనిపిస్తుంది. బోరింగు పంపుల సామాను, ట్రాక్టరు విడి భాగాలు తిప్పే లేతులు ఆత్మకూరులోనూ వున్నాయి కదా అనీ అనిపిస్తుంది. అసలు చిక్కు అక్కడే వున్నది.

తూటాలు ఎందుకు కరువయ్యాయి

తూటా అంటే నాలుగు వస్తువుల కూర్పు. ముందు సీసపు గుండు, లోపల మందు, అడుగున దెబ్బకు నిప్పు పుట్టించే క్యాపు, ఈ మూడింటినీ పట్టి వుంచే ఇత్తడి గుల్ల. పేలిన తరువాత మిగిలేది గుల్ల ఒక్కటే. ఈ గుల్ల పొడవులోగాని, లావులోగాని, అడుగు అంచులోగాని వెంట్రుకవాసి తేడా వచ్చినా తుపాకి దానిని ఒప్పుకోదు. కనుక తుపాకి బతుకు అంతా గుల్ల మీద ఆధారపడి వున్నది. గుల్లను చేసే కంపెనీ ఆ రకాన్ని మానివేసిన రోజున తుపాకి ఇనుప కడ్డీతో సమానం.

ఇన్ని రకాల తుపాకులు మన దేశానికి రావడానికి బ్రిటిష్ సర్కారు భయమే చాలావరకు కారణం. 1878 ఆయుధాల చట్టంతో భారతీయులకు లైసెన్సు తప్పనిసరి చేశారు. అంతటితో ఆగలేదు. సైన్యం వాడే తూటా జనం చేతికి చిక్కరాదన్నది వారి పట్టుదల. 1871లో సైన్యంలోకి వచ్చిన మార్టినీ హెన్రీ రైఫిలు గుండు అంగుళంలో నూటికి 45 వంతుల లావు. ఆ రైఫిళ్లు తిరుగుబాటుదారుల చేతుల్లో పడుతున్నాయని గత శతాబ్దం మొదటి దశకంలో ఆ కొలత గల వేట తుపాకులను సైతం ఇండియాకు రానివ్వలేదు. దానితో విలాయతీ కంపెనీలు కాస్త అటూ ఇటూగా పాయింట్ 465, 470, 475, 476 అంటూ కొత్త కొలతలు పుట్టించి జమీందార్లకు, దొరలకు అమ్ముకున్నాయి.

త్రీనాట్‌త్రీ సంగతీ ఇంతే. అది సైన్యపు తూటా కనుక మామూలు మనిషికి నిషేధం. బర్మింగ్‌హామ్‌లోని బి.ఎస్.ఎ. కంపెనీ ఇందుకు ఉపాయం కనిపెట్టింది. అదే రకం రైఫిలుకు ఆస్ట్రియా సైన్యపు 8 మిల్లీమీటర్ల మాన్‌లికర్ తూటా అమర్చి, పాయింట్ 315 అని పేరు పెట్టి ఇండియాకు పంపింది. ఆస్ట్రియాలో ఆ తూటాను మరిచిపోయి ఎన్నో ఏళ్లయింది. మన దేశంలో మాత్రం ఇచ్ఛాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ పుణ్యాన పాయింట్ 315 రైఫిలు నేటికీ తయారవుతున్నది, తూటాలూ ప్రభుత్వ కర్మాగారాల నుంచే వస్తున్నాయి. ఆయుధ కర్మాగారాల బోర్డును 2021 అక్టోబరు 1న రద్దు చేసి ఏడు కంపెనీలుగా విడదీశాక, తూటాల పని పూనా కేంద్రంగా వున్న మ్యూనిషన్స్ ఇండియా కంపెనీకి వెళ్లింది. పన్నెండు బోరు తుపాకి వున్నవారికి, పాయింట్ 315 వున్నవారికి ధర మీద ఫిర్యాదు వుండవచ్చునేమో గాని సరుకు పూర్తిగా లేదన్న బాధ లేదు.

నష్టపోయింది చిన్న కొలతల వారు. విలాయతులో పైరు మీద వాలే ఒక జాతి కాకులను, కుందేళ్లను కొట్టడానికి పాయింట్ 300, 310, 360, 380 కొలతలలో రూక్ రైఫిళ్లని తేలిక తుపాకులు చేసేవారు. (రూక్ అంటే ఆ కాకి పేరే. అక్కడి పల్లెల్లో ఆ పిల్లకాకులను వండుకు తినేవారు కూడా.) ఇక్కడికి వచ్చేసరికి అవి నెమళ్లు, కుందేళ్లు కొట్టే షోకు తుపాకులయ్యాయి. చవకయిన పాయింట్ 22 రాగానే వాటి పని అయిపోయింది. వేట తూటాలకు పేరుమోసిన కైనాక్ కంపెనీ 1960లలో పాత రకాలను వరుసగా ఆపివేసింది. 1980ల నడిమి నుంచి మామూలు లైసెన్సుదారుకు విదేశీ దిగుమతి దారి కూడా దాదాపు మూసుకుపోయింది. తాత కొన్న డబ్బాలోని చివరి తూటాతో తుపాకి మూగబోయింది.

కంచరికి తెలిసిన రహస్యం

ఇత్తడిని మలచడం కష్టమని కాదు. బిందె చేసే కంచరిని అడిగితే అరక్షణంలో చెబుతాడు. ఇత్తడిని సుత్తితో కొట్టేకొద్దీ బిగుసుకుపోతుంది. ఇంకా కొడితే పగులుతుంది. అందుకని మధ్య మధ్య నిప్పులో కాల్చి మెత్తబరచి మళ్లీ కొడతాడు. తూటా గుల్ల విషయంలోనూ సూత్రం అదే. నూటికి 70 వంతుల రాగి, 30 వంతుల జింకు కలిసిన ఇత్తడి అది. ఒక్కసారిగా చిన్న అచ్చులోకి దూర్చితే ముడతలు పడి చిట్లుతుంది కనుక ఒకదాని కంటే ఒకటి చిన్నవైన అచ్చులు వరుసగా కావాలి. ఆస్ట్రేలియాలో కేడెట్ల పాయింట్ 310 తుపాకులకు అమెరికా తూటా గుల్లలను, మార్టినీ హెన్రీకి 24 బోరు ఇత్తడి గుల్లలను ఇలాగే మలచుకుంటారు.

బిందెకు, గుల్లకు తేడా ఒక్కటే. బిందె అంతా ఒకేలా మెత్తబడినా నష్టం లేదు. గుల్లకు మూతి మెత్తగా, అడుగు గట్టిగా వుండి తీరాలి. కాల్చేటప్పుడు వేడి అడుగుకు పాకితే అడుగు మెత్తబడుతుంది. పేలినప్పుడు మంట ముందుకు పోవలసింది పోయి వెనక్కు, అంటే కాల్చేవాని కంటికీ చెంపకీ వస్తుంది. పైగా ఆ పాత తుపాకుల్లో కొన్ని నల్లమందు రోజులవి. పొగరాని కార్డైట్ మందు బ్రిటిష్ సైన్యంలోకి వచ్చింది 1891 ప్రాంతంలో. నల్లమందు కోసం చేసిన గొట్టంలో నేటి మందు పోస్తే గొట్టమే చీలిపోవచ్చు. విదేశాలలో ఈ పని చేసేవారి దగ్గర కొలత పరికరాలు, ఒత్తిడి పట్టికలు, తుపాకి పరీక్షించే సంస్థలు వున్నాయి. మనవద్ద లేతు మేస్త్రీ కన్ను తప్ప వేరే కొలత లేదు.

ఇంకొక సంగతి మన దేశంలోనే బయటపడింది. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో తూటాలను గుర్రపు సాలల్లో నిలువ చేస్తే, ఎవరూ ముట్టుకోకుండానే గుల్లలు నిట్టనిలువుగా పగిలిపోయేవి. ఆ వానల సీజను మూలంగానే దానికి ఇంగ్లీషులో సీజను పగులు అని పేరు పడింది. గుర్రాల మూత్రం నుంచి లేచే అమ్మోనియా వాయువు, గుల్ల చేసేటప్పుడు ఇత్తడిలో నిలిచిపోయిన బిగువు, ఈ రెండూ కలిసి పగుళ్లకు కారణమని 1921లో శాస్త్రజ్ఞులు తేల్చి చెప్పారు. ఇంటి అచ్చులో నొక్కిన గుల్లలో ఆ బిగువు మరీ ఎక్కువ. మన పల్లెటూరి ఇంటికి గొడ్ల కొట్టం ఎంత దూరం? గోడ అవతలే కదా. బయటికి నిగనిగలాడుతూ కనిపించే గుల్ల లోపల ఎక్కడ విచ్చుకున్నదో కంటికి తెలియదు.

అచ్చు కూడా తూటాయే

ఉదయగిరికి ఆయుధాల తగాదా పాతదే. 1839లో కర్నూలు నవాబు కోటలో రహస్యంగా ఫిరంగులు, మందుగుండు తయారు చేయిస్తున్నాడని కుంఫిణీ పట్టుకుని అతడి రాజ్యం లాక్కున్నది. కుట్రలో చేరాడన్న నేరంపై ఉదయగిరి జాగీర్దారును చెంగల్పట్టుకు పంపి జాగీరు స్వాధీనం చేసుకున్నది. నేటి చట్టం కుంఫిణీ చట్టం కాకపోయినా తయారీ విషయంలో మెత్తదేమీ కాదు.

1959 ఆయుధాల చట్టంలో తూటా అన్న మాటకు ఇచ్చిన అర్థం చాలామందికి తెలియదు. తూటాయే కాదు, తూటా విడి భాగాలు, తూటా తయారు చేసే యంత్ర సామగ్రి కూడా ఆ మాట కిందికే వస్తాయి. అంటే గుండు, మందు లేకపోయినా అచ్చు ఒక్కటి ఇంటిలో దొరికితే కేసుకు అదే చాలు. తుపాకి వుంచుకునేందుకు ఇచ్చిన లైసెన్సు, తూటా తయారీకి లైసెన్సు కాదు. అయిదవ సెక్షను ప్రకారం తయారీకి వేరే లైసెన్సు వుండాలి. అది లేకుండా చేస్తే 2019 సవరణ తరువాత శిక్ష కనీసం ఏడేళ్లు, యావజ్జీవం దాకా పోవచ్చు. మందు ఇంటిలో చేస్తే పేలుడు పదార్థాల చట్టాలు అదనం.

ఇందులో ఎక్కువ అన్యాయమయ్యేది లేతు మేస్త్రీకి. తుపాకి యజమానికి పొలమున్నది, వకీలును పెట్టుకునే తాహతు వున్నది. కొలత కాగితం చూపితే అదేమిటని అడగకుండా ఉక్కు ముక్క తిప్పి కూలి డబ్బులు పుచ్చుకునే మేస్త్రీకి తాను చేసినది ఏమిటో కేసు అయ్యేదాకా తెలియకపోవచ్చు. చట్టం తయారీదారునే ముందు పట్టుకుంటుంది. ఏ అచ్చో, ఏ గుల్లో కొలతకు చేసి పెట్టమని వచ్చేవారిని దేనికని అడగడం మేస్త్రీలకు మంచిది.

పందులకు ఇది మందు కాదు

పైరు కాపాడుకోవడానికే కదా అన్న వాదన నిలిచేది కాదు. పంట కాపలాకు మందు దట్టించే తుపాకి లైసెన్సు అడిగే వీలు 1959 చట్టం 13వ సెక్షనులోనే వున్నది. పన్నెండు బోరుకు తూటాలు బజారులో వున్నాయి. కాకిని కొట్టే రూక్ రైఫిలుతో అడవి పందిని కొట్టబోతే అది చావదు, గాయపడి మనిషి మీదికి వస్తుంది. అన్నిటికీ మించి, వన్యప్రాణి చట్టం కింద అనుమతి లేకుండా పందిని కొట్టడమే నేరం. 2022 సవరణతో, 2023 ఏప్రిల్ 1 నుంచి అది రెండవ షెడ్యూలులో వున్నది. పదకొండవ సెక్షను కింద ఆస్తికి, పంటకు నష్టం చేసే జంతువును చంపడానికి అనుమతి ఇచ్చే అధికారం అటవీశాఖకు వున్నది. కేరళలో 2022లో ఈ అధికారాన్ని పంచాయతీల వరకు దించి, లైసెన్సు తుపాకులున్నవారి సేవ వాడుకుంటున్నారు. వెలిగొండల కింది రైతు ఆ అనుమతి కోసం ఎన్ని గడపలు ఎక్కాలో లెక్క వేసుకుంటేనే, తీగకు కరెంటు పెట్టడం వంటి ప్రాణాంతక పనులకు కొందరు ఎందుకు తెగిస్తున్నారో అర్థమవుతుంది. ఆ తీగలకు పందులే కాదు, మనుషులూ బలయ్యారు.

కాబట్టి బీరువాలోని చిన్న తుపాకి పందుల కోసం కాదు. అది తాత జ్ఞాపకం, ఇంటి పరువు. ఆ మాట ఒప్పుకుంటే దారి కొంత సులభమవుతుంది. వాడుకలో లేని పాతకాలపు ఆయుధాన్ని లైసెన్సు నుంచి మినహాయించే 45వ సెక్షనులో ఒక మెలిక వున్నది. బాగు చేసినా, చేయకపోయినా అది ఇక పేలే స్థితిలో వుండరాదు. తూటా దొరకకపోవడం పేలకపోవడం కిందికి రాదు. అందువల్ల తూటా లేని తుపాకికి పేలే తుపాకికి వున్న అన్ని బాధ్యతలూ వున్నాయి. ఎన్నికలు వస్తే స్టేషనులో అప్పగించమంటారు. 2019 సవరణ మనిషికి రెండే తుపాకులన్న పరిమితి పెట్టింది కనుక, మూడు వున్న ఇంటిలో మూగ తుపాకి కూడా ఒక లెక్కే.

2016 నిబంధనలలో వారసులకు తుపాకి బదిలీ చేసే వీలున్నది. లైసెన్సుదారు చనిపోతేనే కాదు, డెబ్బయ్యేళ్లు నిండినా, తుపాకి పాతికేళ్లు చేతిలో వున్నా వారసునికి ఇవ్వవచ్చు. పేలకుండా చేసి జ్ఞాపకంగా వుంచుకునే తుపాకుల ప్రస్తావనా ఆ నిబంధనలలో వున్నది. వద్దనుకుంటే స్టేషనులోగాని, లైసెన్సున్న ఆయుధాల దుకాణంలోగాని అప్పగించవచ్చు. అయితే ఈ సంగతులు రెన్యువల్ కోసం వచ్చిన వృద్ధునికి ఎవరు చెప్పాలి? ఫీజు కట్టించుకునే చోట ఇంత మాట చెబితే లేతు దాకా పోయేవారు తగ్గుతారు.

రెన్యువల్ గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లయింది. ఆ పుస్తకంలో వుంచుకోదగిన తూటాల సంఖ్యకు ఒక గడి వుంటుంది. ఎక్కడా దొరకని ఆ తూటాలకు ప్రతిసారీ అక్కడ ఒక అంకె వేసి, సంతకం చేసి, సీలు కొట్టి ఇస్తున్నారు.